మూడు రూపాయల మిత్తి తక్కువేం కాదు: పొదుపు మీద అపోహలు - వాస్తవాలు

కొండమల్లేపల్లి దగ్గర బ్యాంకు సర్వీస్ పాయింట్ నడుపుతాను. వేలిముద్ర పెట్టించుకుని డబ్బులు ఇవ్వడం, వేయడం నా పని. పని రెండు నిమిషాల్లో అయిపోతుంది, మాటలు మాత్రం అరగంట సాగుతాయి. ఏ సంతలో ఉల్లిగడ్డ చౌక, ఏ దుకాణంలో నూనె ప్యాకెట్ మీద రెండు రూపాయలు తగ్గుతుంది, ఇవన్నీ మా దగ్గరికి వచ్చే అక్కలు నాకే నేర్పుతారు. ఇంత గట్టిగా సంసారం చేసేవాళ్ల చేతిలో డబ్బు ఎందుకు నిలవదో ఖాతాలు చూస్తే తెలుస్తుంది. చాలా ఇళ్లలో అది మిత్తి కింద, అంటే వడ్డీ కింద పోతోంది.

అపోహ: "బ్యాంకుల తొమ్మిది పర్సెంటంట, సేటు దగ్గర మూడు రూపాయలే."

చదువు రానివాళ్లే ఇలా అంటారనుకోకండి, డిగ్రీ పాసైన పిల్లలూ అంటారు. తొమ్మిది పక్కన మూడు పెడితే మూడే చిన్నగా కనిపిస్తుంది మరి. బ్యాంకు చెప్పేది ఏడాది లెక్క. సేటు చెప్పేది నూటికి నెల లెక్క. మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం. "రెండు రూపాయలకే ఇచ్చిండు, మనోడే" అని సంబరపడే అప్పు కూడా 24 శాతం.

లక్ష రూపాయలు మూడు రూపాయలకు తెస్తే ఏడాదికి మిత్తే 36,000. అదే లక్ష బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చుకుంటే, చాలాచోట్ల తొమ్మిది, పది శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి, పది వేల లోపే. రోజూ ఒక పది రూపాయల చాయ్ మానేస్తే ఏడాదికి మిగిలేది 3,650. చాయ్ తాగండి. ముందు సేటుకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు సంగతి చూడండి.

నోటు అంటే గుర్తొచ్చింది. పత్తి వేసే ఒకాయన ఎరువుల దుకాణం బిల్లు వెనక లెక్క రాసుకుని నా దగ్గరికి వచ్చాడు. బోరు కోసం లక్ష తెచ్చాడు, నీళ్లు పడలేదు, మిత్తి కట్టలేదు. మూడేళ్లు దాటితే ప్రామిసరీ నోటు కోర్టులో నిలవదు కనుక గడువు దగ్గర పడగానే సేటు పిలిచి నోటు తిరగరాయించాడు. అసలు లక్ష, మూడేళ్ల మిత్తి లక్షా ఎనిమిది వేలు, కొత్త నోటు 2,08,000కు. అంతకుముందు నెలకు మూడు వేలున్న మిత్తి కొత్త నోటు మీద 6,240 అయింది. ఆయన చేతిలోకి కొత్తగా ఒక్క రూపాయి రాలేదు. "సేటు మంచోడే అన్నా, ఇన్నొద్దులు ఒక్కపారి గూడ అడగలే" అన్నాడు. ఎందుకు అడుగుతాడు? అడగకుండా ఉంటేనే కదా ఆయనకు లాభం!

ఇంట్లో బంగారం ఏమైనా ఉందా అంటే, బీరువాలో మూడు తులాలుందట.

ఆ బంగారం బయటికి రాకపోవడానికి భయాలున్నాయి, వాటిని నేను తీసిపారేయను. "బ్యాంకుల పెడితే మారుస్తరట", "ఒక్క నెల తప్పితే వేలం వేస్తరట". మీ ఎదుటే తూకం వేయమనండి. రాళ్లు, లక్క తీసేసి నికర బరువు రాస్తారు, ఇంట్లో తూచినదానికన్నా తగ్గుతుంది, కంగారు పడొద్దు. రసీదులో ఒక్కో నగ పేరు, బరువు చదివించుకున్నాకే సంతకం పెట్టండి. నోటీసు ఇవ్వకుండా వేలం వేయడానికి లేదు. అయితే గడువు తేదీ మరిచిపోతే బ్యాంకు అప్పు కూడా పెరుగుతుంది. ఫోన్ నంబర్ మారితే బ్యాంకులో చెప్పండి, నోటీసులు పాత సిమ్‌కు పోయినవాళ్లను చూశాను. ప్రైవేటు గోల్డ్ లోన్ దుకాణానికి వెళ్తే "నెలకు ఎంత" అనకుండా "ఏడాదికి ఎంత శాతం" అని అడగండి.

ఇక పుస్తెలతాడు పెట్టాల్సి వస్తుందని ఏడ్చే అక్కలకు ఏం చెప్పాలి? పెట్టకండి. మిగతావి చూడండి. మహిళా సంఘంలో ఉంటే ముందు అక్కడ అడగండి.

ఒక మాట ఒప్పుకోవాలి. రాత్రి పన్నెండు గంటలకు ఆసుపత్రి నుంచి ఫోనొస్తే ఏ బ్యాంకూ తలుపు తీయదు, సేటు తీస్తాడు. తీసుకోండి, తప్పు లేదు. కానీ మనిషి ఇంటికి రాగానే బంగారం మీదో సంఘంలోనో తెచ్చి అది తీర్చేయండి. తీర్చిన రోజే నోటు చేతికి తీసుకుని చింపేయండి. "రేపొచ్చి తీస్కపో" అంటే అక్కడే కూర్చోండి.

అపోహ: "మాఫీ అయితదట, పంట లోన్ కట్టకు."

మాఫీ ఎప్పుడొస్తుందో, ఎవరికొస్తుందో మన చేతిలో లేదు. మూడు లక్షల వరకు పంట అప్పు మీద వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోయి 4 శాతమే పడుతుంది. ఇంత చౌక అప్పు మనకు ఇంకెక్కడా దొరకదు. దాన్ని గడువు దాటనిచ్చి, కొత్తది రాక, వానాకాలం పెట్టుబడికి మూడు రూపాయలకు తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది.

అపోహ: "బ్యాంకోళ్లు 436 రూపాయలు మింగిన్రు."

ఏటా జూన్ మొదటి వారం నా కౌంటర్ దగ్గర ఇదే పంచాయితీ. ఆ 436 జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలు సురక్షా బీమా. మొదటిది ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు, రెండోది ప్రమాదంలో పోతే 2 లక్షలు ఇంటివాళ్లకు ఇస్తుంది. మీకు ఇష్టం లేకపోతే ఆపించుకోవచ్చు, అది మీ హక్కు. కానీ 20 రూపాయలది ఆపించమని బండి మీద హైదరాబాద్ తిరిగే కొడుకును వెంటబెట్టుకుని వస్తే నేనేమనాలి? మే నెలాఖరుకు ఖాతాలో ఒక ఐదు వందలు ఉంచండి, లేకపోతే బీమా ఆగిపోతుంది. నామినీ పేరు రాయించారో లేదో కూడా అడగండి. సగం మందికి తెలియదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నగల దుకాణం నెలవారీ స్కీమును పొదుపు అనుకోకండి. చివరికి నగే కొనాలి, దాని మీద తరుగు, మజూరి, 3 శాతం జీఎస్టీ చూసుకోండి. పెళ్లికి నగ ఎలాగూ కొనాలంటే సరే. ప్లగ్గులో పెడితే కరెంటు బిల్లు సగమైపోతుందని సంతలో అమ్మే డబ్బాతో ఇంటి మీటరులో ఒక్క యూనిట్ కూడా తగ్గదు.

పది రూపాయల బిళ్లలు చెల్లవనే పుకారు ఇంకా తిరుగుతోంది. అప్పటిదాకా వచ్చిన 14 రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. కిరాణా కొట్టువాడు తీసుకోలేదని డబ్బాలో మూలకు పడేసినవి ఉంటే నా దగ్గరికి తేండి, ఖాతాలో వేస్తాను. బస్సులో చిల్లరకు నాకూ అవసరమే.