జూనియర్ పోటీల్లో వయసు మోసం: అపోహలు - వాస్తవాలు

జిల్లా మీట్ ముగిసిందంటే చాలు, తల్లిదండ్రులు నన్ను చుట్టుముట్టి ఇవే మాటలు అంటారు. పిల్లలకు షాట్‌పుట్ నేర్పే నాకు జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

అపోహ: మీసాలు వచ్చినవాడు అండర్-14లో ఉన్నాడంటే అది దొంగ సర్టిఫికెట్టే.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. మగపిల్లలు సగటున 14 ఏళ్ల ప్రాంతంలో జోరుగా పొడవు పెరుగుతారు. కొందరికి ఆ ఎదుగుదల ముందే వస్తుంది, కొందరికి ఆలస్యమవుతుంది. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరిలో ఒకడు తండ్రిని మించిపోతే, ఇంకొకడు తల్లి భుజం కూడా దాటడు. నిజంగానే త్వరగా ఎదిగిన ఒక అబ్బాయిని ప్రేక్షకులు "తాతా" అని వెక్కిరించారు. మర్నాడు వాడు మైదానానికి రాలేదు.

అపోహ: బోన్ టెస్ట్ చేస్తే అసలు వయసు తేలిపోతుంది.

వాస్తవం: ఎడమ మణికట్టు ఎక్స్‌రేలో కనిపించేది ఎముక ఎంత ముదిరిందన్నదే, పుట్టిన తేదీ కాదు. ఏడాది అటూ ఇటూ తేడా మామూలే. ఎముకల చివర్లు పూర్తిగా కలిసిపోయాక ఆ మనిషికి 19 ఏళ్లా, 23 ఏళ్లా అన్నది అది చెప్పలేదు. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2009 అండర్-17 ప్రపంచ కప్ నుంచి మణికట్టుకు ఎంఆర్‌ఐ తీయిస్తోంది. అక్కడ చూసేది కూడా ఎముక పూర్తిగా కలిసిందా లేదా అన్నదే. 17 నిండని అబ్బాయిల్లో అలా కలవడం బహు అరుదు. అయితే ఎముకలు నెమ్మదిగా ముదిరే 18 ఏళ్లవాడు అందులోంచి హాయిగా జారిపోతాడు.

అపోహ: రెండేళ్లు తగ్గిస్తే మనవాడికి లాభమే కదా, ఎవరికి నష్టం?

వాస్తవం: నాకు ఒళ్లు మండే మాట ఇదే. నాలుగో స్థానంలో మిగిలిపోయిన పిల్లవాడిని అడగండి, ఎవరికి నష్టమో చెబుతాడు. మోసం చేసినవాడికీ అది కలిసి రాదు. షాట్‌పుట్‌లో అబ్బాయిలు విసిరే గుండు బరువు అండర్-18లో 5 కిలోలు, అండర్-20లో 6, పెద్దవాళ్లకు 7.26. అదనపు కండతో 5 కిలోల గుండును నెట్టేసేవాడు కాళ్ల బలం వాడటం, నడుము తిప్పడం ఎందుకు నేర్చుకుంటాడు? గుండు బరువెక్కేసరికి తోటివాళ్లకూ కండ వస్తుంది, టెక్నిక్ వాళ్లకు ముందే ఉంటుంది.

అపోహ: ఒప్పుకుంటే కెరీర్ ముగిసినట్లే.

వాస్తవం: అన్ని క్రీడల్లో కాదు. 2020లో భారత క్రికెట్ బోర్డు తమంతట తాము నిజం చెప్పినవారికి నిషేధం లేకుండా అసలు వయసు విభాగంలో ఆడే వీలు కల్పించింది. దాచిపెట్టి దొరికితే రెండేళ్ల నిషేధం.

"మరి మనమూ ఒక ఏడాది తగ్గిద్దామా సార్?" అని ఈ ఏడాది కూడా ఒక తండ్రి గొంతు తగ్గించి అడిగారు. వాళ్లబ్బాయి ఎత్తు, విసిరిన దూరం మూడు నెలలకోసారి రాసిన నోటుపుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఆరు నెలల్లో దూరం మీటరున్నర పెరిగింది.