గంతలు కట్టుకున్న బుద్ధిమంతుడు

పిల్లలూ,

ఫోటోషాప్‌లో మీరు ఒక యాక్షన్ రికార్డు చేశారు, అంటే ఒకసారి చేసి చూపిన పనుల వరసను అది గుర్తుపెట్టుకుని ప్లే నొక్కినప్పుడల్లా మళ్లీ చేస్తుంది. ఫోటోను చిన్నది చేసి, మూలన పేరు వేసి, సేవ్ చేస్తుంది. అడ్డం ఫోటో మీద చక్కగా నడిచింది. నిలువు ఫోటోలో పేరు మూలకు చేరకుండా మధ్యలో వేలాడింది. ఇంకోదాంట్లో చీమంత అయిపోయింది. "యాక్షన్ ఒకటే కదా, ఒక్కో ఫోటోకి ఒక్కోలా ఎందుకు చేస్తోంది?" అని మీ ప్రశ్న.

అది అన్నిటికీ ఒకేలాగే చేస్తోంది. చిక్కంతా అక్కడే ఉంది.

కళ్లకు గంతలు కట్టిన తమ్ముడికి దారి చెబుతున్నారనుకోండి. "పది అడుగులు వెయ్యి, కుడికి తిరుగు, చెయ్యి చాపు." ఈ గదిలో చెయ్యి సరిగ్గా తలుపు గడియ మీద పడుతుంది. పెద్ద గదిలో అవే పది అడుగులు వేసి, గాల్లో చెయ్యి చాపి నిలబడతాడు. పాపం, చెప్పింది చెప్పినట్టే చేశాడు. అడుగులు లెక్కపెట్టి చెప్పకుండా "గోడ తగిలేదాకా నడువు" అంటే ఏ గదిలోనైనా చేరతాడు. యాక్షన్‌ను దిద్దడమంటే ముఖ్యంగా ఇదే: అడుగుల లెక్కలు తీసేసి గోడలు చూపించడం.

మొదట మీ యాక్షన్‌కు నకలు తీసుకోండి. యాక్షన్స్ ప్యానెల్లో దాన్ని పట్టుకుని, అడుగున ఉన్న కొత్త యాక్షన్ గుర్తు మీదకు లాగితే చాలు. పక్కనున్న బాణం నొక్కితే దశలన్నీ తెరుచుకుంటాయి. ఒక్కో దశ బాణం నొక్కితే అందులో రాసుకున్న అంకెలూ కనిపిస్తాయి. ఓపికగా చదవండి. సగం జబ్బు అక్కడే బయటపడుతుంది.

ఇమేజ్ సైజ్ దశలో వెడల్పు 1200 అని ఉంది. 6000×4000 ఫోటో 1200×800 అయింది. 4000×6000 నిలువు ఫోటో మాత్రం 1200×1800 అయి కూర్చుంది. తర్వాతి మూవ్ దశ "కిందికి 350 పిక్సెళ్లు" అంటుంది. 800 ఎత్తులో నడుమ నుంచి 350 దిగితే అంచు దగ్గరికి వస్తాం. 1800 ఎత్తులో నడుమ 900 దగ్గరుంటుంది, 350 దిగినా 1250 దగ్గరే ఆగుతాం. మీ పేరు వేలాడింది అందుకే.

ఆ రెండు దశలనూ చెత్తబుట్టలోకి లాగేయండి. కొత్త దశ చేర్చాలంటే, ఏ దశ తర్వాత రావాలో దాన్ని ఎంచుకుని, రికార్డ్ నొక్కి, పని చేసి, స్టాప్ నొక్కాలి. చేసే పని తెరిచి ఉన్న ఫోటో మీద నిజంగానే జరుగుతుంది. అందుకని అసలు ఫోటో వద్దు, కాపీ మీద చేయండి.

ఇమేజ్ సైజ్ ఉన్న చోట ఫైల్ మెనూలోని ఆటోమేట్, అందులో ఫిట్ ఇమేజ్: 1200, 1200. నిలువైనా అడ్డమైనా ఆ చదరంలో ఇముడుతుంది. మూవ్ బదులు కంట్రోల్+ఏ తో మొత్తం ఎంచుకుని, లేయర్ మెనూలో అలైన్ లేయర్స్ టు సెలెక్షన్, రైట్ ఎడ్జెస్, మళ్లీ వెళ్లి బాటమ్ ఎడ్జెస్. కంట్రోల్+డీ తో సెలెక్షన్ తీసేశాకే, మూవ్ టూల్‌తో షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం మూడుసార్లు, పై బాణం మూడుసార్లు. ఒక్కో నొక్కుకు 10 పిక్సెళ్లు. ఇక్కడ అడుగులు లెక్కపెట్టినా తప్పులేదు, తమ్ముడు గోడ తాకి వెనక్కి వస్తున్నాడు కదా.

చీమంత పేరు సంగతి వేరు. అక్షరాల కొలత పాయింట్లలో ఉంటుంది, పాయింటంటే అంగుళంలో 72వ వంతు. 24 పాయింట్లంటే రిజల్యూషన్ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే అంకె) 300 ఉన్న ఫోటోలో 100 పిక్సెళ్లు, 72 ఉన్నదాంట్లో 24 పిక్సెళ్లే. అన్నిటికంటే ముందు ఒక ఇమేజ్ సైజ్ దశ పెట్టి, రీశాంపుల్ టిక్ తీసేసి రిజల్యూషన్ 300 ఇవ్వండి. పిక్సెళ్లు మారవు, కొలబద్ద ఒకటవుతుంది.

"లేయర్ అందుబాటులో లేదు" అని మధ్యలో ఆగిపోతే, రికార్డు చేసేటప్పుడు ఏదో లేయర్ (ఫోటో మీద ఒకదానిపై ఒకటి పేర్చిన పొరల్లో ఒకటి) మీద క్లిక్ చేశారన్నమాట. యాక్షన్ దాని పేరు రాసుకుంటుంది. ఆ పేరుగలవాడు ఈ ఇంట్లో లేకపోతే తమ్ముడు పిలుస్తూ నిలబడిపోతాడు. ఆల్ట్ పట్టుకుని చదరపు బ్రాకెట్ మీటలు వాడితే "పైవాడు", "కిందివాడు" అని వరసతో పిలుస్తాడు. (ఇక్కడికి నా పోలికకు కాళ్లు నొప్పి పుడుతున్నాయి, వదిలేద్దాం.)

అంకె ఒక్కటే మార్చాలంటే ఆ దశ మీద డబుల్ క్లిక్ చాలు. ఎడమవైపు టిక్ తీస్తే ఆ దశ దాటిపోతుంది. దాని పక్కనున్న పెట్టె గుర్తు పెడితే అక్కడ ఆగి మిమ్మల్ని అడుగుతుంది. సేవ్ దశలో మాత్రం ఫైలు పేరు టైపు చేయకండి, ఆ పేరూ రాసుకుని ప్రతి ఫోటోకీ అదే పెడుతుంది. బ్యాచ్‌లో, అంటే ఒక ఫోల్డర్‌లోని ఫోటోలన్నిటి మీదా వరసగా నడిపేటప్పుడు, "ఓవర్‌రైడ్ యాక్షన్ సేవ్ యాజ్ కమాండ్స్" టిక్ పెట్టి, వేరే ఫోల్డర్ చూపించండి. చివరికి సెట్‌ను (మీ యాక్షన్ ఉన్న ఫోల్డర్‌ను) ఎంచుకుని ప్యానెల్ మెనూలో సేవ్ యాక్షన్స్ నొక్కండి. సెట్ మొత్తమే ఏటీఎన్ ఫైలవుతుంది, విడి యాక్షన్ కాదు.

ఇప్పుడు ప్యానెల్ మెనూలో ప్లేబ్యాక్ ఆప్షన్స్‌కి వెళ్లి "పాజ్ ఫర్" 2 సెకన్లు పెట్టండి. ఒక నిలువు ఫోటో తెరిచి ప్లే నొక్కి, చేతులు కట్టుకుని చూడండి. పేరు ఏ దశలో కదిలి, ఏ దశలో అంచును తాకుతుందో నాకు రాయండి.