వంక నీళ్ల పద్దు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

"అనంతపురం జిల్లా పర్యావరణ సమస్యలు, అభివృద్ధి మార్గాలు" అని మీకిచ్చిన ప్రాజెక్టు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. మీరు పంపిన కాగితంలో మొదటి వాక్యం "మన జిల్లాలో వానలు పడవు" అని ఉంది. ముందు దాన్ని కొట్టేయండి. పడమటి కనుమల చాటున ఉన్నాం కాబట్టి నైరుతి మబ్బు మన దగ్గరికొచ్చేసరికి పిండేసిన గుడ్డలా ఉంటుంది. తూర్పు తీరం నుంచి వచ్చే ఈశాన్య వాన ఇంతదూరం చేరేలోపే సత్తువ పోగొట్టుకుంటుంది. అయినా ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్లు. ఆ లెక్కన ఎకరానికి 22 లక్షల లీటర్లు. అవన్నీ ఎటు పోయాయో కనుక్కోండి, మీ ప్రాజెక్టు అదే.

జిల్లా మొత్తం మీ వల్ల కాదు. ఒక్క వంకను, అంటే వాన నీళ్లు పారే ఒక్క వాగును, పట్టుకోండి. ఊరి ఎల్లలు పక్కన పెట్టండి, నీళ్లు రెవెన్యూ మ్యాపు చూసి పారవు. వాన వెలిసిన పూట మిట్టల మీద నడిస్తే నీళ్లు రెండు పక్కలకూ చీలిపోయే గట్టు కనిపిస్తుంది. ఆ గట్టు పట్టుకుని చుట్టూ తిరిగి, ఎక్కడ పడిన చినుకు మీ వంకలోకే వస్తుందో గీయండి. ఇస్రో వాళ్ల భువన్ మ్యాపుల మీద సరిచూసుకుని విస్తీర్ణం కట్టుకోవచ్చు. ఆ గీత లోపల మీ ఊరు సగమే ఉండొచ్చు, పక్క ఊరి చేలూ ఉండొచ్చు. ఉండనీయండి.

వాన కొలవడానికి రెండు లీటర్ల సీసా చాలు. నడుము నొక్కుకున్నది వద్దు, గోడలు నిలువుగా ఉన్నది చూసుకోండి. పైభాగం కోసి తిరగేస్తే అదే గరాటు. అడుగున గులకరాళ్లు వేసి, గోడ నిలువుగా మొదలయ్యే చోటి దాకా నీళ్లు పోసి సున్నా గీత పెట్టి, అక్కడి నుంచి స్కేలు అంటించండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాయాలి. వాన లేని రోజుల్లో అడుగు నీళ్లు ఆవిరై సున్నా గీత కిందికి దిగిపోతాయి. మళ్లీ గీత దాకా పోయడం మరిచిపోతే తర్వాతి వాన తక్కువ చూపిస్తుంది. చెట్టుకో గోడకో దాని ఎత్తుకు రెండింతలు దూరంగా పెట్టండి.

నెల మొత్తం ఎంత పడిందన్న అంకె ఒక్కటే రాస్తే మోసపోతాం. రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గకుండా పడితేనే వాన రోజు కింద లెక్క. అలాంటి రోజులు ఎన్ని, రెండు వానల మధ్య అన్నిటికన్నా పెద్ద ఎడం ఎంత, ఇవి రెండూ వేరుగా రాయండి. శెనక్కాయకు ఊడలు దిగేటప్పుడు ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే, తర్వాత ఎంత కురిసినా చెట్టు పచ్చగా ఉంటుంది గానీ కాయ ఉండదు. ఏడాది సగటులో ఆ నష్టం కనిపించదు. ముంపూ కనిపించదు. ఇదే కరువు సీమలో 2021 నవంబరు 19న చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది.

ఇక భూమి లోపలి నీళ్లు. రెండు పోగుల కరెంటు తీగ తీసుకుని ఒక కొస దగ్గర రెండు పోగులూ ఒలిచి, సెంటీమీటరు ఎడంగా కదలకుండా కట్టండి. రెండో కొసకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ, బజర్ తగిలించండి. మీటరుకొక టేపు గుర్తు పెట్టి బోరులోకి దించితే పోగులు నీళ్లను తాకగానే బజర్ మోగుతుంది. కేసింగు గోడ తడిగా ఉంటే నీళ్లు రాకముందే మోగి బురిడీ కొట్టిస్తుంది. అందుకే కొసను చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్కలో దూర్చి కింద మాత్రం తెరిచి ఉంచండి, మోగిన చోట మూడుసార్లు పైకీ కిందికీ ఆడించి చూడండి. నేల మీదికి లేచిన కేసింగు ఎత్తును కొలతలోంచి తీసేయాలి. ఆ ఎత్తు తీసేయడం మరిచి ఊరంతటి లెక్కా తప్పు కట్టినవాళ్లు పెద్దవాళ్లలోనూ ఉన్నారు. మోటారు ఆపిన వెంటనే కొలవొద్దు. ఆడుతున్న బోరు చుట్టూ నీళ్లు గిన్నెలా గుంతపడి ఉంటాయి, రాత్రంతా ఆగితేగానీ అసలు మట్టం తేలదు. వీలైతే మోటారు దించని బోరు చూసుకోండి, లేకపోతే తీగ పైపులకు చుట్టుకుని పైకి రాదు. ఏ బోరు దగ్గరికైనా పెద్దవాళ్లను వెంటబెట్టుకునే వెళ్లండి. మూత లేని బోరు కనబడితే కొలత సంగతి తర్వాత, ముందు బండరాయితో మూయించండి.

మే నెలాఖరులో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలవాలి. ఇప్పుడు లెక్క చూడండి. మీ వంక గీత లోపల వెయ్యి హెక్టార్లు ఉన్నాయనుకుందాం. 550 మిల్లీమీటర్ల వాన అంటే 55 లక్షల ఘనపు మీటర్లు. మే నుంచి నవంబరుకు మట్టం సగటున మూడు మీటర్లు లేచింది. మన గ్రానైటు నేలలో మూడు మీటర్లు లేస్తే మూడు మీటర్ల నీళ్లు చేరినట్టు కాదు. రాతి పగుళ్లలో, మెత్తబడిన రాయిలో నీటికి దొరికే చోటు నూటికి రెండు పాళ్లే అనుకోండి. కోటి చదరపు మీటర్లు, మూడు మీటర్లు, అందులో రెండు శాతం: ఆరు లక్షల ఘనపు మీటర్లు. అంటే కురిసిన దాంట్లో తొమ్మిదో వంతు. మెత్తబడిన గ్రానైటు నేలకు ప్రభుత్వ లెక్కల్లో వాడే పాలు కూడా దాదాపు అంతే, కాబట్టి మీ కొలత దారి తప్పలేదన్నమాట. వానకాలంలో కూడా బోర్లు ఆడి ఉంటే ఆ నీళ్లు దీనికి కలపాలి. తక్కిన వానలో ఎక్కువ భాగం నేల పదునై పైరు తాగేది, ఎండకు పోయేది. కొంత వంకలో పారి కిందికి పోతుంది.

జమ అయింది, ఇక ఖర్చు. "రెండించుల నీళ్లు" అని రైతు చెప్పే మాట మనకు కొలత కాదు. రెండొందల లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లకు నిండిందో చూడండి. మోటారు వేసిన గంట తర్వాత పట్టాలి, మొదట్లో ఉరికే ధార నిలవదు. వంద సెకన్లకు నిండితే గంటకు 7,200 లీటర్లు. రోజుకు తొమ్మిది గంటలు, ఏడాదిలో 120 రోజులు ఆడితే ఒక బోరు దాదాపు 7,800 ఘనపు మీటర్లు తోడుతుంది. అలాంటి బోర్లు వంద ఉంటే 7.8 లక్షలు.

ఆరు వచ్చింది, 7.8 పోయింది. నూటికి నూటముప్పై. మడికి పెట్టిన దాంట్లో కొంత మళ్లీ భూమిలోకే దిగుతుంది కాబట్టి అసలు అంకె కొంచెం తగ్గుతుంది, కానీ కథ మారదు. భూగర్భజల లెక్కల్లో డెబ్బై శాతం లోపుంటే సురక్షితం, తొంభై దాకా కొంత జాగ్రత్త, వంద దాటితే అతివాడకం.

బోర్లు లెక్కపెట్టేటప్పుడు ఒక చిక్కుంది. ఎన్ని గంటలు ఆడిస్తావని అడిగితే, కరెంటోళ్లకు చెప్తారేమోనని రైతు సగమే చెప్తాడు. పేర్లు రాసుకోబోమని ముందే చెప్పండి, నిజంగానే రాయకండి. "నీళ్ల ఎద్దడి ఉందా?" అని అడగడం దండగ, అందరూ ఉందనే అంటారు. ఏ బోరు ఏ ఏడు ఎండింది, ఎన్ని అడుగులు దించారు, అప్పు ఎంతైంది అని అడగండి. బోరే లేని ఇళ్లు మీ పట్టికలో ఎక్కడా రావు. అందుకని బిందె మోసే ఆడవాళ్లను, గొర్రెలు తోలేవాళ్లను వేరుగా కలవండి. ఏ గుంటలో ఎన్ని నెలలు నీళ్లుంటాయో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. లోటు 1.8 లక్షల ఘనపు మీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే ఎకరానికి 4,800 ఘనపు మీటర్లు. తడి శెనక్కాయకు 500 చాలు, అంటే రెండు వేలు. తేడా 2,800. బోర్ల కింద ఉన్న వరిలో అరవై అయిదు ఎకరాలు మారితే లోటు పూడిపోతుంది. అదే నీటి గుంటలతో పూడ్చాలంటే? పది మీటర్ల పొడవు, పది వెడల్పు, మూడు లోతున్న గుంటలో మూడొందల ఘనపు మీటర్లు పడతాయి. ఏడాదికి రెండుసార్లు నిండినా మూడొందల గుంటలు తవ్వాలి, పైగా ఎండకు పోయేది పోతూనే ఉంటుంది. గుంటలు వద్దని నేననడం లేదు. నీళ్లు తేవడం మీదే అందరి చూపూ ఉంటుంది, వాడకం తగ్గించడం మీద ఉండదు. గుంట దగ్గర ఫొటో దిగొచ్చు, మారిన పైరు దగ్గర ఎవరు దిగుతారు?

అయితే రైతును తప్పుబట్టే వాక్యం ఒక్కటీ రాయొద్దు. వరి వేస్తే ఇంటికి బియ్యం, పశువులకు గడ్డి, పంటకు కొనేవాడు. కొర్రకో కందికో ఆ భరోసా లేనప్పుడు మారమనడం మాటవరసే. చీనీ (బత్తాయి) తోటల సంగతి ఇంకా గట్టి చిక్కు. వరి ఒక కారు మానేయొచ్చు, చెట్టుకు మాత్రం కరువేడాది కూడా నీళ్లు పెట్టాల్సిందే, లేకపోతే పదేళ్ల పెట్టుబడి ఎండిపోతుంది. డ్రిప్పు పెడితే ఆదా అంటారు. చేనుకు ఆదా నిజమే. ఆ మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు నాటితే వంకకు మిగిలేది సున్నా. డ్రిప్పు సబ్సిడీతో పాటు సాగు పెంచబోమన్న ఊరి కట్టుబాటు ఉంటేనే పద్దులో మార్పు కనిపిస్తుంది.

ఇదేం కొత్త తెలివి కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలే వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని రాశారు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీళ్లు తక్కువై పారించాల్సిన నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. అయిదో దోషం మళ్లీ చదవండి. మీ నూటముప్పై శాతం అదే.

మూడో దోషం కూడా వదలొద్దు. సరిహద్దు అంటే ఇప్పుడు ఎగువ ఊరు, దిగువ ఊరు. మన చెరువులు గొలుసుకట్టు, పై చెరువు నిండి మరువ (అలుగు) పోతేనే కింది చెరువుకు నీళ్లు. పైన వంకకు అడ్డంగా వరసగా చెక్‌డ్యాములు కడితే పై ఊరి బోర్లు కళకళలాడతాయి, కింది చెరువు పదేళ్లు మరువ పోదు. రెండు ఊర్లనూ విడివిడిగా చూస్తే ఒకటి విజయం, ఒకటి కరువు. ఒకే వంకగా చూస్తే నీళ్లు చేతులు మారాయి, పెరగలేదు. అందుకే ఏ పని ప్రతిపాదించినా దాని పక్కన "దీనికి దిగువన ఎవరున్నారు?" అన్న గడి ఒకటి పెట్టండి.

మట్టి గురించి కొద్దిగా. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మట్టి కోసుకుపోతే నాలుగు ఘనపు మీటర్లు, రెండు ట్రాక్టర్ల లోడు. వాలు చేలో పొడవాటి మేకు దిగగొట్టి, బయట ఉన్న పొడవు జూన్‌లోనూ డిసెంబరులోనూ కొలిస్తే తెలిసిపోతుంది. పోయిన మట్టి ఎక్కడో ఒకచోట నీళ్ల చోటు ఆక్రమిస్తుంది. తుంగభద్ర జలాశయం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడికతో 105కు పడిపోయింది. కర్ణాటకలో కోసుకుపోయిన మట్టికి ఇక్కడ హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) ఆయకట్టు రైతు బాకీ కడుతున్నాడు. గాలి చేసే పని చూడాలంటే బొమ్మనహాళ్, కణేకల్లు వైపు వెళ్లండి. హగరి ఏటి ఇసుక దిబ్బలై చేల మీదికి నడిచొస్తోంది.

ఇదంతా పన్నెండు పేజీల రిపోర్టు చేస్తే బీరువాలో పడుంటుంది. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక అక్టోబరులో మొదలవుతుంది, రబీ విత్తనాలూ అప్పుడే. అప్పటికి నవంబరు కొలత రాదు కాబట్టి, అక్టోబరు మొదటి వారంలో ఒకసారి అదనంగా కొలిచి దాంతో అంచనా కట్టండి. పంచాయతీ ఆఫీసు గోడ మీద నాలుగు వరసలు రాయండి: ఈ ఏడు వాన ఎంత, భూమిలో చేరింది ఎంత, పోయినేడు తోడింది ఎంత, ఈ రబీకి ఎన్నెకరాల వరికి, ఎన్నెకరాల శెనక్కాయకు సరిపోతుంది. 2000ల దశకంలో మన జిల్లాతో పాటు కడప, కర్నూలు రైతులు కూడా ఏపీఫామ్స్ అనే కార్యక్రమం కింద ఇలాగే బోర్లు కొలిచి, గోడల మీద రాసుకుని పైర్లు ఎంచుకున్నారు. అంకెలు సున్నంతో రాస్తే మొదటి వానకే కారిపోతాయి, పెయింటుతో రాయండి.

మీ తాత

తా.క.: తాగే నీళ్ల ఫ్లోరైడ్ రాయడం మరిచాను. లోతు బోర్ల నీళ్లు గ్రానైటు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి రాతిలోని ఫ్లోరైడును కరిగించుకుంటాయి. నీళ్లలో సున్నం తక్కువగా, సోడా ఎక్కువగా ఉంటే అది ఇంకా నిలుస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. మోటారు పది నిమిషాలు ఆడాక, అవే నీళ్లతో మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో పట్టండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరి ఆడవాళ్లకు పరీక్ష కిట్టు ఇచ్చి నేర్పారు, వాళ్లనడిగి చూపించుకోండి. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది, ఈ సంగతి ఇంట్లో అమ్మకు కూడా చెప్పండి.