సోంపేట నుంచి సరుబుజ్జిలి దాకా: నిరసనకు అనుమతి ఎవరివ్వాలి?

సరుబుజ్జిలి, బూర్జ మండలాల్లో థర్మల్ కేంద్రం, ఉద్దానంలో కార్గో ఎయిర్‌పోర్టు అనేసరికి శ్రీకాకుళం జిల్లాలో పాత తగవు మళ్లీ లేచింది. ఊరివాళ్లు టెంటు వేసుకుని కూర్చోవడానికి పోలీసుల అనుమతి కావాలా? వాట్సాప్‌లో ఘాటుగా తిడితే కేసు నిలుస్తుందా? మాట్లాడే, శాంతియుతంగా గుమిగూడే హక్కులిచ్చే రాజ్యాంగం 19వ అధికరణం సంగతి అందరికీ తెలిసిందే. ఈ జిల్లా వరకు అసలు మలుపు 2010 జులై 14.

ఆ రోజు సోంపేట బీలలో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం పనులకు కంపెనీ మనుషులు పోలీసు బందోబస్తుతో దిగారు. కాగితాల్లో బీల బంజరు. అక్కడివాళ్లకు నీళ్లు నిలిచే పల్లం: వరికి తడి, వలకు చేప, గొడ్డుకు గడ్డి. దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని వాళ్లు చెబుతూ వచ్చింది ఇదే. అడ్డంగా నిలబడ్డ రైతులు, మత్స్యకారుల మీద కాల్పులు జరిగాయి, ఇద్దరు చనిపోయారు. గుంపు దాడి చేసిందని పోలీసులన్నారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. శాంతిభద్రతలకు ముప్పని ఇక్కడ ఏ గొంతులను నొక్కారో, ఆ గొంతులు చెప్పిందే అక్కడ నిజమని తేలింది. ఎనిమిది నెలలైనా తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, మరో థర్మల్ కేంద్రం తగవులో కాకరాపల్లి తంపర (చిత్తడి) భూముల్లోనూ తుపాకులు పేలాయి.

అందుకే ఇక్కడ జనం గుమిగూడకుండా నిషేధించే 144 అంటే జనానికి సెక్షన్ నంబరు కాదు, ఓ జ్ఞాపకం. ఇప్పుడది కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 163 అయింది. న్యాయమైన అభిప్రాయాన్ని అణచడానికి దాన్ని వాడకూడదని, ఉత్తర్వును ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020లో అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. వీధుల్లో సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ పూర్తిగా మూయలేరని 1972లోనే హిమ్మత్‌లాల్ షా కేసులో తేల్చింది. అయినా కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత 2023 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1 తెచ్చి రోడ్ల మీద సభలకు కళ్లెం వేసింది. ప్రాణాల భద్రత కోసమే అంది. ఆ ఏడాది మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇక తిట్ల సంగతి. ఆన్‌లైన్‌లో నొప్పించే రాతలకు కేసు పెట్టే ఐటీ చట్టం సెక్షన్ 66ఏను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు, మాటను తూచాల్సింది ప్రతిదానికీ ఉలిక్కిపడేవాళ్ల కొలతతో కాదు, గుండె నిబ్బరం ఉన్నవాళ్ల కొలతతో అంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇలాంటి ఆరోపణల్లో, ఎఫ్‌ఐఆర్‌కు ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడమే మేలని చెప్పింది. స్టేషన్‌కు పిలిపించి ఫోను లాక్కునే ముందు ఆ తీర్పు ఒకసారి చదవాలి.

సోంపేటలో కాల్పుల తర్వాతా దీక్షా శిబిరం ఎత్తేయలేదు. 2015లో ప్రభుత్వం ఆ భూకేటాయింపును రద్దు చేసింది. బీలలో నీళ్లు ఇప్పటికీ నిలుస్తున్నాయి.