నాణెం అదే, డబ్బా మారితే నంబరు ఉంటుందా?

అమెరికాలో మోర్గాన్ వెండి డాలర్లు సేకరించేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఇది. నాణేలకు గ్రేడు (ఎంత బాగున్నాయో చెప్పే అంకె) ఇచ్చే సంస్థ అనాక్స్. దాని ప్లాస్టిక్ డబ్బాలో, అచ్చు తేడాను చెప్పే వెరైటీ నంబరుతో సహా ఉన్న నాణేన్ని, అదే పని చేసే పెద్ద సంస్థలు పీసీజీఎస్‌కో ఎన్‌జీసీకో మళ్లీ పంపాలా, వద్దా? పంపితే బజారులో రేటు పెరగొచ్చు. ఆ నంబరు మాత్రం కొత్త లేబుల్ మీద కనిపించకపోవచ్చు.

తగాదా మూలం 1878లో ఉంది. నెలకు 20 నుంచి 40 లక్షల డాలర్ల వెండి కొని నాణేలు కొట్టాలని బ్లాండ్-అలిసన్ చట్టం ఖజానాను ఆదేశించింది. టంకశాలలో హడావుడి మొదలైంది. తొలి మోర్గాన్ డాలర్ల మీద గద్ద తోకకు 8 ఈకలు. తర్వాత 7 చాలన్నారు. తయారై ఉన్న కొన్ని అచ్చుల మీదే 7 ఈకల బొమ్మను మళ్లీ నొక్కేశారు. భూతద్దం పెట్టి చూస్తే కొత్త ఈకల కింద పాత ఈకల కొసలు తొంగిచూస్తాయి. పైగా ఏ ఊళ్లో కొట్టిందో చెప్పే టంకశాల గుర్తును ఒక్కో అచ్చు మీద చేత్తోనే కొట్టేవారు. కార్సన్ సిటీ కోసం ‘సీసీ’ కొట్టిన అచ్చుల మీదే ‘ఓ’ కొట్టి 1900లో న్యూ ఆర్లియన్స్‌లో వాడేశారు.

ఈ తేడాలన్నిటికీ లెరాయ్ వాన్ ఆలెన్, జార్జ్ మాలిస్ వరసపెట్టి నంబర్లిచ్చారు. వాళ్ల ఇంటిపేర్ల తొలి ఇంగ్లిషు అక్షరాలతోనే అవి ‘వామ్’ నంబర్లయ్యాయి.

గ్రేడింగ్ సంస్థలు పుట్టింది వీటికోసం కాదు. అనాక్స్ 1972లో అసలు-నకిలీ తేల్చడానికి మొదలై, 1979లో గ్రేడు ఇవ్వడం చేపట్టింది. 1986లో పీసీజీఎస్, మరుసటేడు ఎన్‌జీసీ వచ్చాయి. నాణేన్ని డబ్బాలో సీలు చేసి 70కి ఇన్ని అని అంకె వేస్తే, చూడకుండానే కొనేవాళ్లకు అది చాలు. వామ్ నంబర్లను విస్తారంగా లేబుల్‌కెక్కించిన పేరు అనాక్స్‌కే దక్కింది. పెద్ద సంస్థలు ఎంపిక చేసిన జాబితాకే పరిమితమయ్యాయి, అదీ విడిగా రుసుము కడితేనే. నా లెక్కలో చిక్కంతా ఇక్కడే: గ్రేడుకు బజారు ఒకటి, వెరైటీకి బజారు ఇంకొకటి.

డబ్బాతో సహా పంపితే నష్టం తక్కువ. కోరిన గ్రేడు రాకపోతే అలాగే తిరిగొస్తుంది. డబ్బా పగలగొట్టి పంపడం జూదమే. ఎప్పుడో ఎవరో తోమిన జాడ కనిపిస్తే అంకె గ్రేడే రాదు, పాత లేబుల్ ఎలాగూ చెల్లదు.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ 2005లో తగిలింది. 1896, 1900, 1902 న్యూ ఆర్లియన్స్ డాలర్లలో ‘ఓ’ బాగా చిన్నగా ఉండే రకాలకు అప్పటిదాకా మంచి గిరాకీ. పేరున్న డబ్బాల్లో అసలువిగానే చేరాయి. తీరా చూస్తే వేర్వేరు సంవత్సరాల నాణేల వెనకవైపు ఒకే అచ్చు లోపాలు! పాతకాలపు దొంగనాణేలని పీసీజీఎస్ ప్రకటించింది. ఆ రోజుల్లో వెండి ఎంత చవకంటే, అసలు వెండితో దొంగ డాలరు కొట్టినా లాభమే. 1899 నాటి చిన్న ‘ఓ’ మాత్రం నిఖార్సైనదే.

ఆ మూడు రకాలను తెలిసే కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత డబ్బాలో ఉన్నదైతే ఇంకా మోజు. దాన్ని మాత్రం ఎవరూ మళ్లీ గ్రేడింగుకు పంపరు.