కనిపించని సంఖ్య, కనిపించే గుణిజాలు

1847 మార్చి 1న పారిస్ సైన్స్ అకాడమీలో గణిత శాస్త్రవేత్త గాబ్రియెల్ లామే ఫెర్మా చివరి సిద్ధాంతానికి (n 2 కంటే పెద్దదైతే xⁿ+yⁿ=zⁿకి ధన పూర్ణాంకాల్లో సాధన లేదనేదానికి) నిరూపణ దొరికిందని ప్రకటించారు. వెంటనే జోసెఫ్ లియోవిల్ ఒక అనుమానం లేవనెత్తారు: మీరు వాడిన ఈ కొత్త రకం సంఖ్యలు కూడా మామూలు సంఖ్యల్లా ఒకే ఒక్క విధంగా ప్రధాన సంఖ్యలుగా విడిపోతాయా? అన్నిసార్లూ విడిపోవు. ఆ సంగతి ఎర్న్‌స్ట్ కుమ్మర్ 1844లోనే చూపించారు. మే నెలలో ఆయన ఉత్తరాన్ని అకాడమీలో చదివి వినిపించారు. లామే నిరూపణ నిలబడలేదు.

చిక్కు ఎక్కడుందో చిన్న లెక్కలో చూద్దాం. 12ని ఎలా విడగొట్టినా చివరికి మిగిలేవి 2, 2, 3. ఇప్పుడు పూర్ణాంకాలకు √−5ని చేర్చుదాం. 3+2√−5 లాంటివన్నీ ఇక మన సంఖ్యలే. ఇక్కడ 6 = 2×3. అదే 6 = (1+√−5)×(1−√−5). ఈ నాలుగింటిలో దేన్నీ ఇంకా చిన్న ముక్కలు చేయలేం.

ఒకవేళ మనకు 2, 3 అనే సంఖ్యలే తెలియవనుకోండి. అప్పుడు 36 = 4×9, 36 = 6×6 అనేవి రెండు వేర్వేరు విభజనల్లా కనిపిస్తాయి. ఇక్కడ కూడా కొన్ని సంఖ్యలు కనబడకుండా ఉన్నాయని కుమ్మర్ భావించి, వాటికి ‘ఐడియల్ సంఖ్యలు’ అని పేరు పెట్టారు. వాటిని ఫ్లోరిన్‌తో పోల్చారు. సమ్మేళనాల్లో అది ఉందని రసాయన శాస్త్రవేత్తలకు తెలుసు, కానీ అప్పటికి దాన్ని ఎవరూ విడదీయలేదు.

లేని సంఖ్యని పట్టుకునేదెలా? 1871లో రిచర్డ్ డెడికిండ్ చెప్పిన జవాబు నాకు గణితంలో అత్యంత ఇష్టమైన ఆలోచనల్లో ఒకటి: దాని గుణిజాలతో పట్టుకోవాలి. 6 గుణిజాలనీ 10 గుణిజాలనీ కలుపుతూ పోతే సరిగ్గా 2 గుణిజాలన్నీ వస్తాయి. అంటే గ.సా.భా. పేరెత్తకుండానే దాని గుణిజాల గుంపు చేతికొచ్చింది. ఇదే పని 2తో, 1+√−5తో చేయండి. రెండు భాగాలూ (3+2√−5లో 3, 2 లాంటివి) సరి సంఖ్యలైనవి, లేదా రెండూ బేసి సంఖ్యలైనవి వస్తాయి. సరిగ్గా ఈ గుంపులో ఉన్నవే గుణిజాలుగా గల సంఖ్య మాత్రం మన దగ్గర లేదు. అయితే ఆ గుంపునే సంఖ్యలా వాడదాం అన్నారు డెడికిండ్. అదే ఐడియల్.

గుంపులోవి రెండు కలిపినా, తీసివేసినా గుంపులోనే ఉండాలి. గుంపులోదాన్ని బయటిదానితో గుణించినా గుంపులోకే రావాలి. డిగ్రీలో ఈ నియమాల్ని బట్టీ పట్టిస్తారు. ఇవి గుణిజాలకుండే లక్షణాలేనని మాత్రం చాలాసార్లు ఎవరూ చెప్పరు. అది నాకు బాధగా ఉంటుంది.

పై గుంపుని ‘ప’ అందాం. ఇలాగే 3, 1+√−5 కలిసి ‘త’ని, 3, 1−√−5 కలిసి ‘ద’ని ఇస్తాయి. రెండు గుంపుల్ని గుణించడమంటే, ఒక్కోదాని నుంచి ఒక్కొక్కటి తీసుకుని గుణించి, వచ్చినవాటిని కలుపుతూ పోవడం. ఇప్పుడు 2 (అంటే దాని గుణిజాల గుంపు) ప×ప, 3 అంటే త×ద. 1+√−5 అంటే ప×త, 1−√−5 అంటే ప×ద. ఎటునుంచి చూసినా 6లో ఉన్నవి ప, ప, త, ద.

1921లో ఎమ్మీ నోథర్ ఈ ఆలోచనని సంఖ్యల హద్దు దాటించి, ఎన్నో రకాల బీజగణిత వలయాలకు (కూడిక, తీసివేత, గుణకారం చేయగల వ్యవస్థలకు) విస్తరించారు.

ఫ్లోరిన్‌ని 1886లో ఆన్రీ మొయిసాన్ విడదీశారు. ‘ప’ కూడా దొరుకుతుంది. √−1నీ, దానితో వచ్చే బీజీయ పూర్ణాంకాలన్నిటినీ (మొదటి గుణకం 1గా, మిగతావి పూర్ణాంకాలుగా ఉన్న బహుపది సమీకరణాల సాధనల్ని) చేర్చి మన లోకాన్ని కాస్త పెద్దది చేస్తే 1+√−1 అనే సంఖ్య ఉంటుంది. దాని వర్గం 2√−1. మన పాత సంఖ్యల్లో దాని గుణిజాలు ఏవని వెతికితే, సరిగ్గా ‘ప’లో ఉన్నవే వస్తాయి.