పని గంటలు గని పంటలైతే

2010 డిసెంబర్ 6, సోమవారం, ఉదయం ఎనిమిది కావస్తోంది. బీబీసీ రేడియో 4లో 'టుడే' కార్యక్రమం నడుపుతున్న జేమ్స్ నాక్టీ తర్వాత రాబోయే అతిథిని పరిచయం చేయాలి. ఆ అతిథి బ్రిటన్ సాంస్కృతిక శాఖ మంత్రి జెరెమీ హంట్. 'జెరెమీ హంట్, ద కల్చర్ సెక్రెటరీ' అనాల్సిన చోట 'కల్చర్'లోని 'క' ముందుకు దూకి 'హంట్'లోని 'హ' స్థానంలో కూర్చుంది. అలా తయారైన మాట ఇంగ్లిష్‌లో అతి పెద్ద బూతుల్లో ఒకటి. నాక్టీ నవ్వును దగ్గుతో కప్పుకుంటూ మిగతాది ఎలాగో చదివారు. గంట గడిచాక అదే స్టేషన్‌లో మరో కార్యక్రమం నడుపుతున్న ఆండ్రూ మార్ ఈ తడబాటు ప్రస్తావన తెచ్చి, తానూ అదే మాట పలికేశారు.

వాళ్ల మనసులో మంత్రిగారి మీద ఉన్నదే బయటికి వచ్చిందని చాలామంది అనుకుంటారు. మన ఆఫీసుల్లోనూ అంతే. ఎవరి నాలుకైనా మడతపడితే 'నోరు జారాడు' అనేస్తాం. కానీ ఆ రెండూ వేరు. నోరు జారడమంటే అనకూడనిది అనేయడం. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమన్న సామెత దాని గురించే. నాలుక తడబడటమంటే ఒకటి అనబోయి ఇంకొకటి అనడం. మొదటిదానికి మనిషి బాధ్యుడు. రెండోది మాట తయారయ్యే పద్ధతిలోనే ఉన్న ఇబ్బంది. ఈ తేడా తెలియకే ఆఫీసుల్లో అకారణంగా మనసులు నొచ్చుకుంటున్నాయి.

బొమ్మ చూసి దాని పేరు పలకడం మొదలుపెట్టడానికి మనిషికి దాదాపు 600 మిల్లీసెకన్లు పడుతుంది. మామూలు సంభాషణలో మాత్రం సెకనుకు రెండు మూడు మాటలు దొర్లిపోతుంటాయి. అంటే నోట్లో ఒక మాట ఉండగానే తర్వాతి రెండు మూడు మాటలు మెదడులో సిద్ధమవుతూ ఉండాలి. అలా పక్కపక్కనే సిద్ధమవుతున్నవాటి అక్షరాలు ఒకదాని చోట ఒకటి పడతాయి. 'సెలవు దరఖాస్తు' అనబోయామనుకోండి. 'ద' తొందరపడితే 'దెలవు దరఖాస్తు'. 'స' వదలకపోతే 'సెలవు సరఖాస్తు'. రెండూ చోట్లు మార్చుకుంటే 'దెలవు సరఖాస్తు'. వీటిలో ఎక్కువగా జరిగేది మొదటిదే, అంటే రాబోయే అక్షరం ముందే దూకడం. నాక్టీకి జరిగిందీ అదే.

ఇంతకీ 'క' వెళ్లి 'హంట్' మీదే ఎందుకు పడింది? ఇంగ్లిష్ ఉచ్చారణలో 'హంట్', 'కల్చర్' రెండింటి మొదటి అచ్చు ఒక్కటే. పక్కనున్న అచ్చు ఒకటే అయినప్పుడు వాటి ముందున్న హల్లులు సులువుగా తారుమారవుతాయి. తెలుగులో 'కంది పప్పు' పట్టుకుని వేగంగా పదిసార్లు అని చూడండి, 'పంది కప్పు' ఎదురుచూస్తూ ఉంటుంది. 'పని గంటలు' అయితే 'గని పంటలు'. రెండు జతల్లోనూ మొదటి అక్షరాల్లో ఉన్నది 'అ'కారమే.

ఇంకో కారణం కూడా ఉంది, ఆఫీసులో పరువు తీసేది అదే. నోటిదాకా వచ్చినదాన్ని మెదడు ఒకసారి లోపలే సరిచూస్తుంది. 'దెలవు' లాంటి అర్థంలేని మాటను అక్కడే ఆపడం తేలిక. 'గని', 'పంటలు' నిజమైన మాటలు కాబట్టి ఆ కాపలాను దాటేస్తాయి. 1970లలో బెర్నార్డ్ బార్స్, మైఖేల్ మోట్లీ అనే పరిశోధకులు ప్రయోగశాలలో దీన్ని తేల్చారు. 'డార్న్ బోర్' చదవమంటే అర్థమున్న 'బార్న్ డోర్' అని తడబడినంతగా, 'డార్ట్ బోర్డ్' చదవమంటే అర్థంలేని 'బార్ట్ డోర్డ్' అని తడబడలేదు. తారుమారైతే బూతు వచ్చే జతలను చదివించినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. సరిగ్గా పలికినవాళ్లకు కూడా అరచేతి చెమట పెరిగింది! అంటే బూతు లోపల తయారైంది, కాపలా దాన్ని ఆపింది. అందువల్ల పైకి వచ్చిన ఒక్క బూతును బట్టి మనిషిని అంచనా వేయడం అన్యాయం.

తడబాటు ఎంత వింతగా ఉన్నా వ్యాకరణం దాటదు. 'నివేదికను కమిటీకి పంపాం' అనబోయి మాటలు తారుమారైతే వచ్చేది 'కమిటీని నివేదికకు పంపాం'. పేర్లు మారినా విభక్తుల వరస మారలేదు. పైగా 'ను' కాస్తా 'ని' అయింది, 'కి' కాస్తా 'కు' అయింది. కొత్తగా వచ్చి చేరిన మాట చివరి అచ్చుకు తగ్గట్టు ప్రత్యయం సర్దుకుంది. వాక్యం చట్రం ముందు, అందులో మాటలు తర్వాత, పలుకు చివర్న తయారవుతాయని ఈ ఒక్క తప్పే చూపిస్తుంది. భాషాశాస్త్రవేత్త విక్టోరియా ఫ్రామ్‌కిన్ 1971లో ఇంగ్లిష్ తడబాట్లను పోగుచేసి చెప్పింది కూడా ఇదే దారిలో ఉంది. పొరపాట్లకూ నియమాలున్నాయి.

మాటకు మాట మారడం వేరే రకం. ఆస్ట్రియా పార్లమెంటు దిగువ సభ అధ్యక్షుడు సమావేశం ప్రారంభిస్తూ 'ముగిసిందని ప్రకటిస్తున్నాను' అన్న ఉదాహరణ ప్రసిద్ధం. ఆయనకు ఆ సభ త్వరగా ముగిస్తే బాగుండుననిపించిందని 1901లో ఫ్రాయిడ్ వ్యాఖ్యానించాడు. ఆ ఉదాహరణ ఆయనకు భాషాశాస్త్రవేత్త రుడాల్ఫ్ మెరింగర్ 1900లో రాసిన వ్యాసంలో దొరికింది. వ్యతిరేకార్థాల మాటలు సులువుగా ఒకదాని చోట ఒకటి వస్తాయన్నది మెరింగర్ మాట. నా ఉద్దేశంలో ఇక్కడ మెరింగర్ పక్షమే బలమైనది. ప్రారంభం–ముగింపు, లాభం–నష్టం, నిన్న–రేపు లాంటివి మెదడులో ఇరుగుపొరుగు మాటలు. ఒకదాన్ని పిలిస్తే రెండోదీ తల ఎత్తుతుంది.

పేర్లూ అంతే. 1,700 మందికి పైగా వివరాలు చెప్పిన సర్వేల ఫలితాలు 2016లో వెలువడ్డాయి. డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన ఆ అధ్యయనంలో, జనం ఎక్కువగా ఒకే వర్గంలోని పేర్లనే మార్చి పిలుస్తారని తేలింది. ఇంట్లోవాళ్లను ఇంట్లోవాళ్ల పేర్లతో, స్నేహితులను స్నేహితుల పేర్లతో. పేర్ల పలుకు దగ్గరగా ఉంటే అది ఇంకొంచెం పెరుగుతుంది. కాబట్టి సురేష్‌ను రమేష్ అని పిలిచిన మేనేజరు సురేష్‌ను లెక్కచేయనట్టు కాదు. ఇద్దరినీ ఒకే అరలో పెట్టుకున్నాడంతే.

వెయ్యి మాటలకు ఒకటో రెండో తడబాట్లు వస్తాయన్నది ఇంగ్లిష్ సంభాషణల్లో తరచూ చెప్పే లెక్క. నిమిషానికి 150 మాటల చొప్పున అరగంట మాట్లాడితే 4,500 మాటలు, అంటే నాలుగైదు నుంచి తొమ్మిది తడబాట్లు. వాటిలో చాలావాటిని వినేవాళ్లు గమనించరు. పూర్తిగా పోగొట్టడం అసాధ్యం. తగ్గించడానికి దారులున్నాయి. ప్రసంగాన్ని మనసులో కాకుండా గట్టిగా చదవాలి. పక్కపక్క మాటల్లో మొదటి అచ్చు ఒకటై హల్లు మాత్రం వేరైన చోట పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. తారుమారు చేస్తే ఏమొస్తుందో చూసి, ఇబ్బందికరమైన మాట వస్తే మధ్యలో ఇంకో మాట చేర్చాలి, లేదా వాక్యం మార్చాలి. 'ఆ మాట రాకూడదు' అని పదేపదే అనుకోవడం పనికిరాదు. అలా అనుకోవడం ఆ మాటను ఇంకా సిద్ధంగా ఉంచడమే. వేదిక మీద పిలవాల్సిన పేర్లు కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫోన్‌లో పై అధికారికి 'ఉంటా బంగారం' అనేసే ప్రమాదం అలవాటు వల్ల వస్తుంది. పెట్టేసే ముందు 'సరే సర్' అని ఎవరితో మాట్లాడుతున్నామో పైకి అనుకుంటే అలవాటు దారి మళ్లుతుంది.

తడబడ్డాక చేయాల్సింది చిన్న పని. అక్కడే ఆగాలి. తప్పు మాటను మళ్లీ అనకుండా ఆ పదబంధం మొదటి నుంచి, సరైన మాట మీద ఊనిక పెట్టి ఒక్కసారి చెప్పాలి. ముందుకు సాగాలి. ఎదుటివాళ్ల పేరు తప్పితే 'క్షమించండి' చాలు. తేదీ, సొమ్ము, మందు మోతాదు లాంటివైతే అంత తేలిగ్గా వదలకూడదు. అంకెలను విడివిడిగా, 'ఒకటి, ఐదు, సున్నా' అని చెప్పి, ఎదుటివాళ్లతో తిరిగి చెప్పించుకోవాలి.

ఒక్క సందర్భంలో మాత్రం నవ్వి ఊరుకోకూడదు. మాట ఉన్నట్టుండి ముద్దముద్దగా రావడం, చెప్పాలనుకున్నది అసలే రాకపోవడం, మూతి ఒక పక్కకు లాగడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం పక్షవాతం లక్షణాలు. ఇందులో ఒక్కటి ఉన్నా ఆగకూడదు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి, లక్షణాలు మొదలైనప్పటి నుంచి మామూలుగా నాలుగున్నర గంటల గడువే ఉంటుంది. 108కి ఫోన్ చేయండి. చివరిసారి మామూలుగా మాట్లాడింది ఎన్ని గంటలకో డాక్టరుకు చెప్పండి.